తెలుగు కోడ్ దాచుకున్న చోట్లు

తెలుగు కంప్యూటర్ కథ చెప్పేవాళ్లు ఫాంట్ల గురించి, కీబోర్డుల గురించి, 2003లో మొదలైన తెలుగు వికీపీడియా గురించి చెబుతారు. వాటి వెనక ఉన్న సోర్స్ కోడ్‌ను ఎవరు ఎక్కడ దాచారన్న ప్రస్తావన దాదాపు రాదు. మన భాషకు అక్కరకొచ్చిన కోడ్‌లో చెప్పుకోదగ్గ భాగం సామాన్య పాఠకుడు పేరు కూడా వినని చిన్న వేదికల మీద పెరిగింది. ఆ వేదికల్లో కొన్ని మూతపడ్డాయి కూడా. అయినా కోడ్ చావలేదు. ఎందుకు చావలేదో తేల్చుకోవడం పాత సంగతులు తవ్వుకునే సరదా కోసం కాదు. ఖమ్మం దాటి భద్రాచలం అడవుల్లోకి వెళితే వినిపించే కోయ భాషకు ఈ చరిత్రతో నేరుగా పని ఉంది.

ముందు పద్మ సంగతి. 2000 తర్వాతి తొలి ఏళ్లలో తెలుగు పత్రికలు ఇంటర్నెట్‌లోకి వచ్చాయి గానీ ఒక్కో పత్రికది ఒక్కో ఫాంటు, ఒక్కో సంకేత పద్ధతి. ఆ ఫాంటు లేని కంప్యూటర్లో వార్త పిచ్చిగీతలుగా కనిపించేది. వెతికితే దొరికేది కాదు, కాపీ చేసి మరోచోట అతికిస్తే అర్థం పోయేది. లిపులన్నింటికీ ఒకే సంకేత పద్ధతైన యూనికోడ్‌లో తెలుగుకు 1991 నుంచే చోటున్నా పత్రికలు అటు కదలలేదు. అప్పుడు వెన్న నాగార్జున ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్‌కు పద్మ అనే పొడిగింపు రాశారు. పత్రిక పేజీ తెరవగానే దాని సొంత సంకేతాలను అది యూనికోడ్ తెలుగులోకి మార్చి చూపేది. పద్మ సోర్స్ కోడ్ ఉన్నది మోజ్‌డెవ్ అనే వేదిక మీద. మొజిల్లా చుట్టూ అల్లుకునే ప్రాజెక్టుల కోసం స్వచ్ఛందంగా నడిచిన చోటు అది. పద్మ కోడ్‌ను ఆధారం చేసుకుని వీవెన్ 2006లో లేఖిని తయారుచేశారు. అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో 1990ల తొలినాళ్లలో తెలుగు విద్యార్థులు రూపొందించిన ఆర్‌టీఎస్ పద్ధతిలో ఇంగ్లీషు అక్షరాలు కొడితే తెలుగు వచ్చే సాధనం లేఖిని. తెలుగు బ్లాగుల తొలితరం చాలామట్టుకు దాని మీదే రాయడం నేర్చుకుంది. 2017 నవంబరులో ఫైర్‌ఫాక్స్ పాత తరహా పొడిగింపులను ఆపేయడంతో పద్మ పని అయిపోయింది. తర్వాత మోజ్‌డెవ్ కూడా మూతపడింది. లేఖిని మాత్రం నిలిచింది. పద్మ లైసెన్సు ఆ కోడ్‌ను ఎవరైనా తీసుకుని మార్చుకోవడానికి అనుమతించింది, ఒకరు నిజంగానే తీసుకున్నారు. పుట్టిన ఇల్లు పోయేనాటికి ఆ కోడ్ మరో ఇంట్లో కాపురం పెట్టి ఎన్నో ఏళ్లయింది.

మిగతావాటి కథా ఇంచుమించు ఇదే. భారతీయ భాషల్లోకి లినక్స్‌ను తేవాలని పనిచేసిన ఇండ్‌లినక్స్ బృందానికి సోర్స్‌ఫోర్జ్ నీడనిచ్చింది. 2003 ప్రాంతంలో తిరువనంతపురం నుంచి సరోవర్ అనే వేదిక నడిచింది. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టులకు మన దేశంలోనే చోటివ్వాలన్న తొలి ప్రయత్నాల్లో అదొకటి. కొన్నేళ్లకు ఆగిపోయింది. దాన్ని ఎవరూ తలచుకోకపోవడం అన్యాయమని నా అభిప్రాయం. రెడ్‌హాట్ ఆధ్వర్యంలో వచ్చిన లోహిత్ తెలుగు ఫాంటు ఫెడోరాహోస్టెడ్ మీద ఉండేది. ఆ వేదికను 2017లో మూసేస్తే లోహిత్ పగూర్‌కు, గిట్‌హబ్‌కు చేరింది. తిరుమల కృష్ణ దేశికాచారి చేసిన పోతన, వేమన ఫాంట్లది ఇంకా చక్కని దారి. ఆయన వాటిని ఎవరైనా నకలు తీసుకోనిచ్చే జీపీఎల్ లైసెన్సు కింద విడుదల చేయడంతో లినక్స్ పంపిణీలైన డెబియన్ వాళ్లు, ఫెడోరా వాళ్లు తమ తమ భాండాగారాల్లో చేర్చుకున్నారు. ఆ భాండాగారాలకు ప్రపంచమంతటా నకళ్లు నడుస్తుంటాయి. ఒక వ్యక్తి తన ఓపికతో గీసిన అక్షరాలు ఇలా ఏ ఒక్క యంత్రం మీదా ఆధారపడకుండా బతికాయి. ఇన్ని ఉదాహరణల్లోనూ కోడ్‌ను కాపాడినవి రెండే: నకలు తీసుకునే హక్కు, నిజంగా తీసిన నకలు.

దీనికి ఎదురుమాట ఉంది. చిన్న వేదికలు మూతపడ్డాయని నువ్వే చెబుతున్నావు, మరి అందరూ వాడే గిట్‌హబ్‌లో పెడితే సరిపోదా అని. న్యాయమైన ప్రశ్నే. 2008లో మొదలైన గిట్‌హబ్ తెలుగుకు చేసిన మేలు కాదనలేనిది. సిలికానాంధ్ర చొరవతో వచ్చిన గిడుగు, గురజాడ, సూరన్న వంటి ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో చేరాక వాటి మూల ఫైళ్లు అక్కడే అందరికీ అందుతున్నాయి. కానీ పెద్ద సంస్థ అండ ఉంటే చాలుననడానికి చరిత్ర ఒప్పుకోదు. గూగుల్ అంతటి సంస్థ నడిపిన గూగుల్ కోడ్ 2016 జనవరిలో మూతపడింది. మైక్రోసాఫ్ట్ నడిపిన కోడ్‌ప్లెక్స్ 2017 డిసెంబరులో ఆగింది. ఆ మైక్రోసాఫ్టే 2018లో 750 కోట్ల డాలర్లకు గిట్‌హబ్‌ను కొంది. 2014 డిసెంబరులో మన ప్రభుత్వం ఉగ్రవాద ప్రచారం పేరుతో 32 చిరునామాలను నిలిపేసినప్పుడు వాటిలో గిట్‌హబ్ వారి కోడ్ ముక్కలు పంచుకునే జిస్ట్ కూడా ఉంది, ఇంటర్నెట్ ఆర్కైవ్ కూడా ఉంది. 2019లో అమెరికా ఆంక్షల వల్ల ఇరాన్, సిరియా, క్రిమియాల్లోని ప్రోగ్రామర్ల ఖాతాలకు గిట్‌హబ్ అడ్డు పెట్టింది. కాబట్టి గిట్‌హబ్‌ను వదలాలని నేననను. అది నకళ్లలో ఒకటిగా ఉండాలి, ఏకైక నకలుగా ఉండకూడదు. గూగుల్ కోడ్‌లోనూ, 2015లో మూతపడిన గిటోరియస్‌లోనూ ఉన్నదాన్ని ఫ్రాన్స్‌లో 2016లో మొదలైన సాఫ్ట్‌వేర్ హెరిటేజ్ సంస్థ భద్రపరచగలిగిందంటే, ముందుచూపుతో నకలు తీయడం వల్లనే.

ఇప్పుడు అడవి అంచుకు వద్దాం. కోయ మాట్లాడేవాళ్లు 2011 జనగణన ప్రకారం సుమారు 4 లక్షలు. వాళ్ల నేల తెలంగాణ, ఆంధ్రప్రదేశ్, ఛత్తీస్‌గఢ్, ఒడిశా రాష్ట్రాల మధ్య చీలి ఉంది. 2014లో పోలవరం ప్రాజెక్టు కోసం ఖమ్మం జిల్లాలోని కూనవరం, చింతూరు, వీఆర్ పురం, కుక్కునూరు, వేలేరుపాడు మండలాలు ఆంధ్రప్రదేశ్‌లోకి వెళ్లాక, భద్రాచలం పట్టణం ఇటు తెలంగాణలో, దాని చుట్టుపక్కల ఊళ్లు చాలా అటు అయ్యాయి. తెలుగు రాష్ట్రాల్లో కోయను తెలుగు లిపిలో రాస్తారు. ఛత్తీస్‌గఢ్ వైపు బడి లిపి దేవనాగరి, ఒడిశాలోని మల్కన్‌గిరి వైపు ఒడియా. 2004లో ఉమ్మడి రాష్ట్రం ఎనిమిది గిరిజన భాషల్లో ప్రాథమిక పాఠ్యపుస్తకాలు తెచ్చే కార్యక్రమం మొదలుపెట్టినప్పుడు వాటిలో కోయ ఉంది. ఆ రోజుల్లో తెలుగు డీటీపీ పని ఎక్కువగా అను ఫాంట్లలో సాగేది. అలా కొట్టిన ఫైలు ఏదైనా, పద్మ రాకముందు పత్రికల పేజీ ఎలా ఉండేదో అలాగే ఉంటుంది: ఆ ఫాంటు లేనిదే చదవలేం, వెతకలేం, మరో లిపిలోకి మార్చలేం. యూనికోడ్‌లోకి తెస్తే మాత్రం మిగతా పని తేలిక. భారతీయ లిపులకు యూనికోడ్ ఒకే వరస అక్షరక్రమం ఇచ్చింది గనుక తెలుగు లిపిలోని కోయను ఒడియాలోకో దేవనాగరిలోకో మార్చే కోడ్ రాయడం పెద్ద పనేమీ కాదు. కేంద్ర గిరిజన వ్యవహారాల శాఖ 2025లో తెచ్చిన ఆది వాణి అనువాద సాధనం సంతాలీ, భీలీ, ముండారీ, గోండీలతో మొదలైంది. గోండీకి దగ్గరి చుట్టమైన కోయ ఆ తొలి జాబితాలో లేదు. సామగ్రి ఒకచోట పోగుపడి, అందరికీ అందేలా ఉంటేనే అలాంటి జాబితాలోకి ఒక భాష ఎక్కుతుంది.

అలాగైతే ప్రభుత్వమే దాచవచ్చు గదా అనవచ్చు. కేంద్రం 2017లో తెచ్చిన ఓపెన్‌ఫోర్జ్ ఉంది. మంచిదే, కానీ అది ప్రధానంగా ప్రభుత్వ అప్లికేషన్ల కోడ్ కోసం పుట్టింది. ఇక రాష్ట్రం చేతిలో పెడితే, నాలుగు రాష్ట్రాల్లో ఉన్న భాషకు ఏ రాష్ట్రం బాధ్యత వహిస్తుంది? ఇంతకన్నా బరువైన అభ్యంతరం మరొకటుంది. కోయల్లో గట్టుల (వంశశాఖల) చరిత్రలు, ఇలవేల్పుల కథలు డోలి వాయించి పాడే డోలీలు తరతరాలుగా గొంతులో మోసుకొచ్చినవి. అవన్నీ లోకానికి తెరిచి పెట్టాలా? అక్కర్లేదు. ఏది బయట పెట్టాలో, ఏది తమలోనే ఉంచుకోవాలో నిర్ణయించే హక్కు వాళ్లదే. సొంత వేదిక కావాలనడానికి నాకు కనిపించే బలమైన కారణం కూడా ఇదే, ఎందుకంటే తాళంచెవి తమ దగ్గరున్నప్పుడే ఆ నిర్ణయానికి విలువ. అయితే దాచడం వేరు, ఒక్క చోటే ఉంచడం వేరు. మణుగూరు మండలం కూనవరానికి చెందిన సకిని రామచంద్రయ్య డోలి వాయిస్తూ సమ్మక్క సారలమ్మల గాథను, కోయ వీరుల కథలను కోయలోనూ తెలుగులోనూ పాడేవారు. 2022లో పద్మశ్రీ వచ్చింది. 2024లో ఆయన కన్నుమూశారు. అంతటి జ్ఞాపకానికి వారసులు ఎందరున్నారన్నది కోయ సమాజం ముందున్న ప్రశ్న. కోడ్ విషయంలో ఆ ప్రశ్న రాకుండా చూసుకోవడం మన చేతిలో ఉంది.

సిగ్నల్ సరిగా లేని ఊళ్లలో ఇదంతా సాగుతుందా అన్నది చివరి అనుమానం. సాగుతుంది, గిట్ ఉంది గనుక. కోడ్ మార్పుల చరిత్ర దాచడానికి అప్పటిదాకా వాడుకున్న బిట్‌కీపర్‌కు ఉచిత అనుమతి పోవడంతో 2005లో లినక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ దాన్ని రాశాడు. అందులో ప్రతి నకలూ పూర్తి చరిత్రతో కూడిన అసలే. నెట్ లేకుండా నెల రోజులు పని చేసుకుని, సిగ్నల్ దొరికినప్పుడు కలుపుకోవచ్చు. పెన్‌డ్రైవులో పెట్టి ఊరు దాటించవచ్చు. జర్మనీలోని కోడ్‌బర్గ్ వాళ్లు ముందుండి నడిపించే ఫోర్జెయో లాంటి కోడ్ వేదిక సాఫ్ట్‌వేర్ చేతిలో పట్టేంత చిన్న కంప్యూటర్ మీద కూడా నడుస్తుంది. హైదరాబాదు కేంద్రంగా పనిచేసే స్వేచ్ఛ సంస్థ గిట్‌ల్యాబ్ ఆధారంగా తనదైన కోడ్ వేదికను ఇప్పటికే నడుపుతోంది. అనుభవం మన దగ్గరే ఉందన్నమాట. కోయ పాఠ్యపుస్తకాల మూల ఫైళ్లు, పదకోశాల ప్రతులు ఇప్పటికీ ఎవరి కంప్యూటర్లోనైనా ఉంటే దయచేసి వాటిని యూనికోడ్‌లోకి మార్చండి, కోయ పెద్దలు సరేనన్నవాటికి నకలు తీసుకునే లైసెన్సు ఇవ్వండి, ఒక ప్రతి భద్రాచలంలో, ఒకటి హైదరాబాదులో, ఒకటి దేశం బయట ఉంచండి.