ఉక్కు రహస్యం, మన కేటీ సెషన్లు

మాది ఎల్లారెడ్డి. చిన్నప్పుడు కమ్మరి కొలిమి దగ్గరికెళ్తే ఆయన కొడుకు ఎప్పుడూ తిత్తి ఊదుతూనే కనిపించేవాడు. సుత్తి చేతికి రావడానికి ఏళ్లు పట్టింది. ఇదేం ట్రైనింగురా బాబూ అని నవ్వుకునేవాణ్ణి.

తర్వాతెప్పుడో కోనసముద్రం గురించి చదివాను. 2016లో కామారెడ్డి జిల్లా ఏర్పడేదాకా ఆ ఊరూ మా ఊరూ ఒకే నిజామాబాద్ జిల్లా. అక్కడ మూసల్లో కరిగించిన ఉక్కు ఇరాన్ దాకా వెళ్లేది. 1820 ప్రాంతంలో సర్వే డాక్టరు హెన్రీ వోయిసీ అక్కడికెళ్తే, ఉక్కు కోసం ఇస్ఫహాన్ నుంచి వచ్చిన హాజీ హుస్సేన్ అనే వర్తకుడు కనిపించాడు. తమ దేశంలో ఇలాంటి ఉక్కు చేయబోయి కుదరలేదని ఆ వర్తకుడే చెప్పాడట! ఇలాంటి భారతీయ ఉక్కునే 1819లో లండన్‌లో ఫారడే కూడా పరీక్షించాడు.

వోయిసీ రాసిన తయారీ పద్ధతి 1832లో అచ్చయింది. ఫ్యాక్టరీ ఉక్కు వచ్చాక కొలుములు ఆరిపోయాయి. పద్ధతి కాగితం మీద ఉంది, చేసేవాళ్లు లేరు.

మనమూ అంతే కదా? వారం రోజుల కేటీ, ఒక డాక్యుమెంటు, సీనియర్‌కి వీడ్కోలు పార్టీ. అర్ధరాత్రి సర్వర్ పడిపోయినప్పుడు తెలుస్తుంది, ఆ డాక్యుమెంటులో ఏం లేదో.

ఆ కుర్రాడు ఊరికే తిత్తి ఊదలేదు. ఇనుము ఏ రంగుకొస్తే సుత్తి వెయ్యాలో చూస్తున్నాడు. నాకది అర్థం కావడానికి ఇన్నేళ్లు పట్టింది.