డర్బన్ రేవు, దాని ఓడలు, మన పూర్వులు

నాటాలులోని ఆంధ్రుల చరిత్ర చెప్పమంటే మనము చెరకు తోటలతో మొదలుపెడతాము. తోటకు ముందు రేవు ఉన్నది, రేవుకు ముందు ఓడ ఉన్నది. ఈ రెండింటిని గురించి మన పిల్లలకు మనము చెప్పేది చాలా తక్కువ. పుస్తకములో చదివితే ఓడ అన్నది ఒక మాట మాత్రమే. ఇనుప నిచ్చెన పట్టుకొని లోపలికి దిగితే అది ఏమిటో తెలుస్తుంది. ఈ ఉద్దేశముతోనే 2014లో మా కుటుంబమంతా కలిసి పోర్ట్ నాటాల్ మారిటైమ్ మ్యూజియమునకు వెళ్ళాము.

డర్బన్ అఖాతపు ఒడ్డున 1988లో తెరచిన ఈ ప్రదర్శనశాలలో అప్పట్లో ముఖ్యమైనవి మూడు ఓడలు. 1927లో కట్టిన ఉలుండి అనే చిన్న టగ్గు, 1961లో కట్టిన జె.ఆర్. మోర్ అనే పెద్ద ఆవిరి టగ్గు, 1957లో ఇంగ్లండులో నీటిలోకి దింపిన ఎస్.ఎ.ఎస్. డర్బన్ అనే నౌకాదళపు ఓడ. అద్దాల వెనుక పెట్టి "తాకరాదు" అని రాసిన వస్తువులు కావు ఇవి. అప్పట్లో పిల్లలు చుక్కాని చక్రము తిప్పగలిగేవారు, ఇంజను గదిలోకి దిగగలిగేవారు, నావికుల పడకలు చూడగలిగేవారు.

టగ్గు చిన్నది, బలము పెద్దది. పెద్ద ఓడ సముద్రములో మహారాజే గాని రేవులో తనంతట తాను తిరుగలేదు. దానిని లాగి, నెట్టి, గట్టుకు చేర్చే పని టగ్గుది. తాడు కట్టే కొక్కెము చివరన ఉండదు, ఓడ నడిమికి దగ్గరగా ఉంటుంది. అలా ఉంటేనే తాడు బిగిసినప్పుడు కూడా టగ్గు వెనుకభాగము అటూ ఇటూ తిరుగగలదు. జె.ఆర్. మోర్ యంత్రములో ఒకే ఆవిరి మూడుమార్లు పనిచేసేది. మొదట చిన్న సిలిండరులో, ఒత్తిడి తగ్గిన కొద్దీ మరింత పెద్ద సిలిండర్లలో. ఈ టగ్గు రైల్వేలు, రేవులు రెండింటినీ చూచే ఒకే ప్రభుత్వ శాఖ వారిది. ఈ దేశములో రైలు, ఓడ చాలాకాలము ఒకే యజమాని కింద పనిచేశాయి.

నౌకాదళపు ఓడ సంగతి వేరు. దాని పని సముద్రములో శత్రువులు వదలిన మైన్లను తొలగించడము. ఇనుము దగ్గరకు రాగానే పేలే అయస్కాంతపు మైన్లు ఉంటాయి కనుక, దాని చట్రము అల్యూమినియముతోను, పైపలకలు మహాగని కర్రతోను చేశారు. యుద్ధపు ఓడను కర్రతో ఎందుకు చేశారని మా మనుమడు అడిగినప్పుడు ఈ జవాబు చెప్పాను. బడిలో నేను చెప్పిన ఏ పాఠమూ వాడు ఇంత శ్రద్ధగా వినలేదు.

అయితే మమ్మల్ని ఎక్కువసేపు నిలబెట్టినది ఈ ఓడలు కావు, పేముతో అల్లిన ఒక పెద్ద బుట్ట. పూర్వము బయట లంగరు వేసిన ఓడనుండి ప్రయాణీకులను ఇటువంటి బుట్టలో నిలబెట్టి, క్రేనుతో కింది టగ్గులోకి దించేవారు. మా మనుమరాలు దానిని చూచి, "తాతా, మన పెద్దతాత కూడా దీనిలోనే దిగారా?" అని అడిగింది.

ఆ ప్రశ్నకు జవాబు చెప్పాలంటే ఇసుకమేట కథ చెప్పాలి. డర్బన్ అఖాతము లోపల విశాలమైనది, ప్రశాంతమైనది. కాని దాని నోటివద్ద ఇసుక మేట వేసుకొని ఉండేది. దక్షిణమునుండి ఒడ్డు వెంబడి ప్రవాహము తెచ్చే ఇసుక, బ్లఫ్ కొండ దాటగానే నీటి వేగము తగ్గి అక్కడే నిలిచిపోయేది. చిన్న ఓడలు పోటు సమయము చూచి దాటేవి. పెద్ద ఓడలు బయటనే ఆగిపోయేవి, గాలివాన వస్తే కొట్టుకొనిపోయేవి. జాన్ మిల్నే, కాత్‌కార్ట్ మెత్వెన్ వంటి ఇంజనీర్లు రాతికట్టలు కట్టించి, ఇసుక తవ్వించి, అర్ధశతాబ్దము ఈ మేటతో పోరాడారు. చివరకు 1904లో ఆర్మడేల్ కాజిల్ అనే సుమారు 13,000 టన్నుల తపాలా ఓడ తిన్నగా లోపలికి వచ్చింది. మా తాతగారు విశాఖపట్నము జిల్లానుండి వచ్చినది 1908లో. కనుక ఆయనకు బుట్ట అవసరము లేకపోయింది. అంతకు ముప్పది, నలుబది ఏండ్ల ముందు వచ్చినవారికి మాత్రము ఆ మేటయే ఈ దేశపు మొదటి గడప.

మొదటి ఓడ ట్రూరో, 1860 అక్టోబరులో మద్రాసునుండి బయలుదేరి నవంబరు 16న ఇక్కడకు చేరింది. అందులో 342 మంది ఉన్నారు. పది దినముల తరువాత కలకత్తానుండి బెల్వెడేర్ వచ్చింది. 1911లో ఈ రాకపోకలు ఆగేనాటికి 152,184 మంది ఒప్పందపు కూలీలు నాటాలు చేరారు. వారిలో సుమారు మూడింట రెండు వంతులు మద్రాసు రేవునుండి ఎక్కినవారే. విశాఖపట్నము, గంజాము, గోదావరి, ఉత్తర ఆర్కాటు ప్రాంతముల తెలుగువారు తమిళులతో కలిసి ఆ ఓడలలోనే వచ్చారు. ఒప్పందము అయిదు సంవత్సరములు, మొదటి ఏడు జీతము నెలకు పది షిల్లింగులు. ఒకే ఓడలో వచ్చినవారు కులము, ఊరు పక్కనబెట్టి, తరువాత కాలములో ఒకరినొకరు బంధువులుగా భావించారు.

ప్రతి ఓడకూ ఒక జాబితా ఉన్నది. మనిషికి ఒక సంఖ్య, పేరు, తండ్రి పేరు, వయస్సు, కులము, జిల్లా, ఊరు, ఎత్తు, శరీరముమీది గుర్తు. సరుకు లెక్కవలె రాసిన ఆ జాబితాయే నేడు మన వంశవృక్షమునకు వేరు. గుమాస్తా తన చెవికి తోచినట్లు రాసుకొన్న పేర్లే మనకు ఇంటిపేర్లు అయినవి. అసలు ఇంటిపేరు పోయి, తాతగారి సొంతపేరు మనుమలకు ఇంటిపేరైన కుటుంబములు మనలో ఎన్నో ఉన్నాయి. అప్పలస్వామి ఇక్కడ ఇంటిపేరు కావడానికి కారణము అదే.

రేవునుండి రైలుకు ఒక అడుగే దూరము. దక్షిణ ఆఫ్రికాలో మొదటి ఆవిరి రైలు 1860 జూన్ 26న పాయింట్ రేవునుండి డర్బన్ ఊరికి, సుమారు మూడు కిలోమీటర్లు నడిచింది. ట్రూరో వచ్చినది అదే సంవత్సరము. తరువాత ఆ రైలుమార్గము లోపలి ప్రాంతములకు పెరిగినప్పుడు, పట్టాలు వేసినవారిలో, బొగ్గు మోసినవారిలో మన కూలీలు వేలకొలది ఉన్నారు. చెరకు తోట కథకు ఇచ్చిన చోటు రైలు కథకు మనము ఇవ్వలేదు.

ఆనాడు టగ్గు పైన నిలబడి చూస్తే అఖాతములో సాలిస్‌బరీ ద్వీపము కనబడింది. వర్ణవివక్ష కాలములో, 1961లో, భారతీయులకని వేరుచేసిన విశ్వవిద్యాలయ కళాశాలను అక్కడి పాత నౌకాదళపు బారకాసులలో పెట్టారు. విద్యార్థులు పుస్తకములు చంకన పెట్టుకొని పడవలో దాటేవారు. 1972లో అది వెస్ట్‌విల్ కొండపైకి మారింది. వేరుచేయుటకై ఇచ్చిన చదువే అది. అయినా ఆ పడవలో దాటినవారినుండి ఉపాధ్యాయులు, న్యాయవాదులు, ఉద్యమకారులు వచ్చారు. తాతలు వేలిముద్ర వేసి దిగిన నీటినే మనుమలు పట్టా కొరకు దాటారు. ఈ రెండు ప్రయాణములకు మధ్య నూరేండ్లు మాత్రమే.

ఆ ప్రదర్శనశాలలోని ఓడలలో ఏదీ మన పూర్వులను తెచ్చినది కాదు. వారిని తెచ్చిన ఓడలు ఎప్పుడో ముక్కలైపోయాయి. ఉప్పునీటిలో నిలిచిన పాత ఓడకు ఆయుష్షు కొద్ది. తుప్పు ఇనుమును తింటుంది, మరపు మనుష్యులను తింటుంది. మొదటిదానికి రంగు వేయవచ్చు. రెండవదానికి మనమే పనిచేయాలి. ఇంట్లో పెద్దవారి పాత కాగితముమీద ఉన్న సంఖ్యను చూడండి. ఓడ పేరు, సంవత్సరము, ఊరి పేరు మూడూ ఒక పుస్తకములో తెలుగులోను, ఇంగ్లీషులోను రాసిపెట్టండి. ఆ తరువాత పిల్లలను రేవు ఒడ్డుకు తీసుకొనివెళ్ళి, మేట ఎక్కడ ఉండేదో వేలితో చూపించండి. సాయంకాలపు తెలుగు తరగతిలో మేము అక్షరములు నేర్పగలము. ఆ అక్షరములతో మొదట రాయవలసిన పేరు ఏదో ఇంట్లోనే చెప్పాలి.