గోల చొరబడని గది

మా అమ్మకి ఈ లోకంలో రెండే శత్రువులు. ఒకటి ఉల్లిపాయల ధర, రెండోది పక్కింటి మిక్సీ.

విశాఖపట్నం రేడియో కేంద్రం 1963లో మొదలయింది. అప్పట్నించీ గోపాలపట్నంలో మా ఇంట్లో నాటకం వేళకి అందరూ నోరు మూసుకు కూర్చోవలసిందే. కొన్నేళ్ళకి పక్కింటివాళ్ళు మిక్సీ కొన్నారు. నాటకంలో కథానాయిక గుట్టు విప్పబోయే క్షణానికే ఆవిడకి చట్నీ గుర్తొచ్చేది. రేడియోలో గర్‌ర్‌మని ఒకటే గోల. గుట్టు గుట్టుగానే ఉండిపోయేది!

మిక్సీ మోటారులో రెండు కార్బను ముక్కలు తిరిగే భాగాన్ని రాసుకుంటూంటాయి. అక్కడ లేచే నిప్పురవ్వల్లోంచి రేడియో తరంగాలు పుడతాయి. మార్కోనీ మొదట్లో కబుర్లు పంపింది కూడా రవ్వలతోనే సుమండీ. అంటే పక్కింటావిడ లైసెన్సు లేని రేడియో కేంద్రం నడిపేదన్న మాట.

తమాషా ఏమిటంటే, ఈ గోలకి మందు రేడియో పుట్టక ముందే దొరికింది. 1836 జనవరిలో లండన్ రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో మైకేల్ ఫారడే పొడవూ వెడల్పూ ఎత్తూ 12 అడుగులుండే కర్ర చట్రం కట్టించాడు. దానికి రాగితీగ అల్లి, కాగితం అంటించి, తగరపు రేకు పట్టీలు వేశాడు. (చిన్నప్పుడు పుస్తకాల బైండింగు నేర్చిన చెయ్యి కదా!) తను లోపల కూర్చుని, పెట్టెకి బాగా విద్యుత్తు ఎక్కించమన్నాడు. బైట రవ్వలు చిటపటలాడుతున్నా, లోపల ఆయన సున్నితమైన పరికరాలకి చీమ కుట్టినట్టయినా లేదు. విద్యుత్తంతా లోహపు పైపొరలోనే సర్దుకుపోతుంది మరి.

మా ఊరికి ఇలాంటి బెడద రైలు పట్టాల వెంట వచ్చింది. బైలదిల్లా ఇనప ఖనిజం కిరండూల్ నించి కొత్తవలస మీదుగా, మా పక్కనించే పోర్టుకి పోతుంది. 1980 దశకం మొదట్లో ఆ దారికి కరెంటు ఇంజన్లు వచ్చాయి. నెత్తిమీద తీగలో 25,000 వోల్టులు. దాని పక్కనే స్తంభాల మీద టెలిఫోను తీగ పోతూంటే, ముట్టుకోకుండానే అందులో వోల్టేజీ పుడుతుంది. మాటకి బదులు హోరు. పనివాళ్ళకి ప్రమాదం కూడా. అందుకే కరెంటు రైళ్ళు నడిచే దారుల్లో ఆ తీగల్ని దింపేసి, అల్యూమినియం తొడుగున్న కేబుళ్ళు భూమిలో పాతారు. రైల్వేలో పనిచేసిన నాన్నగారు, "తొడుగు వేస్తే సరా అమ్మా? దాన్ని భూమికి కలపాలి. లేకపోతే ఒట్టి అలంకారమే" అనేవారు.

ఫారడే పెట్టె చిన్న చెల్లెలు ఇప్పుడు వంటింట్లోకే వచ్చింది. మైక్రోవేవ్ తలుపు అద్దంలో చిల్లుల రేకు చూశారా? వేడిచేసే తరంగం పొడవు సుమారు 12 సెంటీమీటర్లు, చిల్లేమో మిల్లీమీటరో రెండో. వెలుగు బైటికొస్తుంది, తరంగం ఆగిపోతుంది. మా మనవరాలు సెల్‌ఫోను పప్పు డబ్బాలో పెట్టి చూసింది. చక్కగా మోగింది! మూత చుట్టూ ఉన్న సందు చాలు దానికి. అల్యూమినియం రేకులో మడతలేసి చుడితే మాత్రం నోరెత్తలేదు.

ఈ సందు విలువ నాకు పూర్తిగా తెలిసింది, ఈమధ్య అమ్మకి నడుముకి ఎం.ఆర్.ఐ. తీయించినప్పుడు. ఆ గదికి గోడలూ కప్పూ నేలా అంతటా లోపల రాగిరేకు తాపడం. తలుపు అంచున దువ్వెన పళ్ళల్లే రాగి పలకలు. ఒంట్లోంచి వచ్చే సంకేతం మహా బలహీనం. పైగా అది కూడా రేడియో తరంగమే. బైటి గోల కలిస్తే బొమ్మ మీద చారలు పడతాయట.

తొంభయ్యో పడిలో పడ్డ మనిషి, నా చెయ్యి వదలదు.

"తలుపు కాస్త ఓరగా ఉంచు బాబూ, ఇక్కడే నుంచుంటాను" అన్నాను.

"కుదరదమ్మా. ఆ సందు చాలు, మళ్ళీ మొదట్నించీ తియ్యాలి" అన్నాడా కుర్రాడు.

తలుపు మూసుకుంది. కిటికీ అద్దంలోని సన్నటి జాలీ వెనక అమ్మ పాదాలు మాత్రం కనిపించాయి. అరగంట సేపు వాటినే చూస్తూ కూర్చున్నాను.

బైటికొచ్చాక చెవుల్లో దూది తీసుకుంటూ, "రేడియో కూడా దూరని గదన్నావు కదే! లోపల ఆ దడదడలేమిటి? పక్కింటి మిక్సీయే నయం" అంది.