ప్రైమరీ కీ మునిగిపోతే

డేటాబేసు పాఠాల్లో మొట్టమొదట చెప్పే మాట ఒకటుంది: మారిపోయేదాన్ని ప్రైమరీ కీగా పెట్టుకోవద్దని. ఫోన్ నంబరు మారుతుంది, చిరునామా మారుతుంది, పెళ్ళయితే ఇంటిపేరూ మారుతుంది. ఇదంతా మనకు కొట్టిన పిండే. కానీ మన పల్లెల్లో వైద్య రికార్డులు దశాబ్దాల తరబడి ఒకే ఒక్క కీ మీద నడిచాయి. అది ఊరి పేరు. మనుషులు మారినా ఊరెక్కడికి పోతుందిలే అనుకున్నారు. మా సిద్దిపేట జిల్లాలో ఏకంగా ఊళ్ళే పోయాయి. అందుకే ఈ కథ మొదటి నుంచీ చెప్పాలనిపించింది.

పల్లెటూళ్ళో పెరిగినవాళ్ళకి ఏఎన్ఎం చంకలోని రిజిస్టర్లు గుర్తుండే ఉంటాయి. అర్హులైన దంపతుల రిజిస్టరు ఒకటి, గర్భిణులది ఒకటి, టీకాలది ఇంకొకటి. అన్నిట్లోనూ ముందు ఊరు, తర్వాత ఇంటి నంబరు, ఆ తర్వాతే మనిషి. ఒకే ఆడమనిషి పేరు నాలుగు చోట్ల రాయాలి. నెలాఖరుకి ఏఎన్ఎం అవన్నీ కూర్చుని లెక్కేసి, మొత్తాలు మాత్రం ఒక ఫారంలో రాసి పీహెచ్‌సీకి పంపుతుంది. అక్కణ్ణుంచి జిల్లాకి, జిల్లా నుంచి హైదరాబాదుకి, అక్కణ్ణుంచి ఢిల్లీకి. పేర్లేమో సబ్‌సెంటరు బీరువాలోనే ఉండిపోతాయి. అంటే మనిషి కిందే ఉండిపోతాడు, లెక్క మాత్రం పైకి పోతుంది.

కంప్యూటర్లు వచ్చినప్పుడు ముందు ఎక్కించింది కూడా ఆ లెక్కనే. ఈ కథలో మన తెలుగునేలకి మంచి పాత్రే ఉంది, చాలామందికి తెలియదు. దక్షిణాఫ్రికాలో వర్ణవివక్ష పోయాక, ముక్కలు చెక్కలుగా ఉన్న ఆరోగ్యశాఖల లెక్కలన్నీ ఒకచోటికి తేవడానికి హిస్ప్ అనే ప్రాజెక్టు మొదలైంది. దాని కోసం మైక్రోసాఫ్ట్ యాక్సెస్ మీద కట్టిన సాఫ్టువేరు డీహెచ్ఐఎస్. ఓస్లో విశ్వవిద్యాలయం వాళ్ళు అదే పనిని 2000 చివర్లో మన దేశానికి తెచ్చారు. ఎక్కడికనుకున్నారు? చిత్తూరు జిల్లా కుప్పానికి, అప్పటి ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడి నియోజకవర్గానికి. ఆ తర్వాత జావాలో తిరగరాసిన డీహెచ్ఐఎస్2 మొదట వాడుకలోకి వచ్చింది 2006లో, కేరళలో. ఇవాళ 70కి పైగా దేశాల్లో అదే నడుస్తోంది.

ఇందులో నాకు నచ్చింది సాఫ్టువేరు కాదు, దాని వెనకున్న వాదన. వాళ్ళన్నది ఏమిటంటే, సేకరించే అంశాలు తగ్గించండి, ఆ అంకెలు పైవాడి కంటే ముందు వాటిని సేకరించినవాడికి పనికిరావాలి అని. చెప్పుకోవడానికి చిన్నమాటే, ఆచరణలో మహా కష్టం. అదే కాలంలో నల్లగొండ జిల్లాలో ఇంకో ప్రయోగం జరిగింది. ప్రపంచ బ్యాంకు వాళ్ళ ఇన్ఫోడెవ్ సాయంతో ఏఎన్ఎంల చేతికి పీడీఏలు ఇచ్చారు. అంటే మొత్తాలు కాదు, మనిషి మనిషినీ పేరుతో ఎక్కించడం. రెండు ప్రయోగాలూ ఒకే రాష్ట్రంలో, ఒకే రోజుల్లో. లెక్కా? మనిషా? ఆ పేచీ అప్పుడు తేలలేదు, ఇప్పటికీ పూర్తిగా తేలలేదు.

తర్వాత 104 బండ్లు వచ్చాయి. సత్యం వాళ్ళ చొరవతో పుట్టిన హెచ్ఎంఆర్ఐ అనే సంస్థ, ప్రభుత్వంతో కలిసి 2008లో మొదలుపెట్టింది. పీహెచ్‌సీకి 3 కిలోమీటర్లకి మించి దూరంగా ఉన్న ఊళ్ళకి నెలకోసారి, ఫలానా తేదీన బండి వస్తుంది. రాష్ట్రమంతటా 475 బండ్లు. అందులో మందులిచ్చేవాళ్ళతో పాటు డేటా ఎంట్రీ ఆపరేటరు కూడా ఉండేవాడు! బీపీ, షుగరు ఉన్న ముసలివాళ్ళకి నెల మందులు చేతికిచ్చేవారు. 2009 జనవరి 7న సత్యం రామలింగరాజు ఉత్తరంతో మన పరిశ్రమ ఎట్లా వణికిందో మీకు నేను చెప్పక్కర్లేదు. బండ్లు కొన్నేళ్ళు తిరిగాయి గానీ, నడిపే చేతులు మారాయి. తెలంగాణలో చివరికి ఆ సేవే ఆగిపోయింది. బండి ఆగిపోతే ఇంకో బండి కొనొచ్చు. అందులోని చరిత్ర ఎవరి చేతికి రావాలి అన్న ప్రశ్నకి మాత్రం ఎవరూ ముందుగా జవాబు రాసిపెట్టుకోరు.

2009 చివర్లో కేంద్రం తల్లీబిడ్డలని పేరుతో ట్రాక్ చేసే ఎంసీటీఎస్ పెట్టింది. ఏఎన్ఎంకి మాత్రం రిజిస్టరు రాతా తప్పలేదు, కంప్యూటరూ తప్పలేదు. 2017 జూన్‌లో వచ్చిన కేసీఆర్ కిట్ పథకం ఇంకో దారి చూపించింది. గర్భిణికి విడతల వారీగా డబ్బు, మగబిడ్డయితే 12,000, ఆడబిడ్డయితే 13,000. పరీక్ష ఎంట్రీ పడితేనే విడత పడేది. దాంతో ఎంట్రీ పడిందా లేదా అని ఏఎన్ఎంని అడిగేది పై అధికారి ఒక్కడే కాదు, ఇంట్లోవాళ్ళు కూడా. రికార్డు ఎవరిదో వాళ్ళకే అందులో లాభం ఉంటే కాపలా దానంతటదే వస్తుంది. నా దృష్టిలో ఈ మొత్తం చరిత్రలో ఇదే పెద్ద పాఠం.

సరే, సిద్దిపేటకి వద్దాం. 2016 అక్టోబరు 11న మాది జిల్లా అయింది. అందరం సంబరపడ్డాం. కానీ డేటా కళ్ళతో చూస్తే ఇది మూడు డేటాబేసుల మెర్జ్. మెదక్ నుంచి ఎక్కువ భాగం, కరీంనగర్ నుంచి హుస్నాబాద్, కోహెడ, బెజ్జంకి వైపు, వరంగల్ నుంచి చేర్యాల, మద్దూరు వైపు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాలుగో విడతలో (2015-16) సిద్దిపేట అనే జిల్లానే లేదు, ఐదో విడతలో ఉంది. అప్పటికీ ఇప్పటికీ పోల్చి చూద్దామంటే కుదరదు. పేర్ల గోల సరేసరి. సిద్దిపేట జిల్లాలో ములుగు అనే మండలం ఉంది. 2019లో వరంగల్ అవతల ములుగు అనే జిల్లానే పుట్టింది. పేరుతో జాయిన్ కొట్టినవాడి గతి ఇక చెప్పక్కర్లేదు!

ఇదంతా ఎక్సెల్‌తో కుస్తీపడితే తీరే బాధే. అసలు బాధ మల్లన్నసాగర్‌ది. తొగుట దగ్గర, కాళేశ్వరం ప్రాజెక్టు కింద 50 టీఎంసీల జలాశయం. 2021 ఆగస్టులో నీళ్ళు వదిలారు, 2022 ఫిబ్రవరిలో ప్రారంభించారు. వేములఘాట్, ఏటిగడ్డ కిష్టాపూర్, పల్లెపహాడ్, లక్ష్మాపూర్ లాంటి ఊళ్ళు ఖాళీ అయ్యాయి. జనాన్ని గజ్వేల్ దగ్గర పునరావాస కాలనీకి చేర్చారు. ఊరు, ఇంటి నంబరు కీగా ఉన్న రిజిస్టరుకి దీని అర్థమేమిటో ఆలోచించండి. ఏ ముసలమ్మకి షుగరు, ఏ పిల్లకి రెండో టీకా బాకీ, ఎవరి మొదటి కాన్పు కష్టమైంది, ఇవన్నీ సగం రిజిస్టర్లో, సగం పాత ఏఎన్ఎం బుర్రలో ఉంటాయి. కొత్త చోట కొత్త ఏఎన్ఎంకి ప్రతి మనిషీ మొదటి రోజు పేషెంటే. ఆ వైపు మా చుట్టం ఒకాయన బీపీ చరిత్ర అంతా ఒక ప్లాస్టిక్ కవర్లో ఉంటుంది. చీటీలు, ఖాళీ మాత్రల షీట్లు, ఒక ఎక్స్‌రే. ఇల్లు ఖాళీ చేసిననాడు పట్టా కాగితాలతో పాటు దాన్నీ పట్టుకొచ్చాడు. ఆయన ఈహెచ్ఆర్ అదే, బ్యాకప్ లేదు.

నిర్వాసితుల రికార్డు ఎట్లా ఉండాలో తెలియాలంటే పాలస్తీనా శరణార్థుల దగ్గరికి వెళ్ళాలి. వాళ్ళ కోసం పనిచేసే ఐక్యరాజ్యసమితి సంస్థ ఉన్రా, 2009లో జోర్డాన్ రాజధాని అమ్మాన్‌లోని నుజా ఆరోగ్య కేంద్రంలో షుగరు, బీపీ రోగుల రికార్డులని కంప్యూటరెక్కించింది. అది అడిగే ప్రశ్న ఈ నెల ఎంతమంది వచ్చారని మాత్రమే కాదు. రావలసినవాళ్ళలో ఎవరు రాలేదు అని కూడా. మొత్తాల పట్టికకి ఎన్ని ఇండెక్సులు పెట్టినా ఈ క్వెరీ నడవదు. దానికి మనిషి కావాలి. ఇల్లు కోల్పోయినవాళ్ళలో ముందు జారిపోయేది ఆ రానివాళ్ళే కదా.

ఇప్పుడు మనకి 14 అంకెల అభా నంబరు ఉంది. జాతీయ డిజిటల్ హెల్త్ మిషన్‌ని 2021 సెప్టెంబరులో దేశమంతటికీ విస్తరించారు. తెలంగాణ ప్రభుత్వం 2022 మార్చిలో ములుగు (జిల్లా!), రాజన్న సిరిసిల్ల జిల్లాల్లో ఇంటింటికీ వెళ్ళి హెల్త్ ప్రొఫైల్ తయారుచేయడం మొదలుపెట్టింది. కీ సమస్య చాలావరకు తీరినట్టే, ఊరు పోయినా నంబరు పోదు. కానీ కీ ఒక్కటే టేబుల్ కాదు. ఆ నంబరు కింద నిన్నటి బీపీ రీడింగు, మొన్నటి మందు చీటీ చేరకపోతే అది ఖాళీ రో. నంబర్లు ఎన్ని ఇచ్చామన్నది మళ్ళీ పైకి పోయే లెక్కే.

కుప్పంలో అడిగిన ప్రశ్నే ఇంకా మిగిలుంది. ఈ ఎంట్రీ కొట్టిన ఏఎన్ఎంకి రేపు పొద్దున దీంతో ఏం పని? ఇది ఎవరి గురించో ఆ మనిషికి దీంతో ఏం లాభం? మనలో చాలామందిమి ఏదో ఒక దేశపు హెల్త్‌కేర్ ప్రాజెక్టులో కోడు రాసినవాళ్ళమే. మనం కట్టేది ఏదైనా సరే, పునరావాస పథకంలో ఇళ్ళ జాబితా, భూముల జాబితా పక్కనే వైద్య రికార్డుల బదిలీ అని ఒక లైను ఉండాలని అడిగే హక్కు మనకుంది. ఇల్లు కొలిచి, చెట్లు లెక్కపెట్టి, పరిహారం రాసే ప్రభుత్వానికి ఒక మనిషి రోజూ మింగే మాత్ర పేరు రాసుకోవడం పెద్ద పనేమీ కాదు.