చెన్నై నుంచి పొన్నూరుకు గంటేనా?

పొన్నూరు. కార్తీక మాసం, పొద్దున ఆరున్నర. సహస్రలింగేశ్వరస్వామి గుడి వైపు నుంచి మైకు వినిపిస్తోంది. గుంటూరు, బాపట్ల బస్సుల హారన్లు మధ్యమధ్యలో ఆ పాటని మింగేస్తున్నాయి. ఈ వసారాలో ప్లాస్టిక్ కుర్చీ ఒకటి ఖాళీగా ఉంది. లాక్కుని కూర్చోండి.

ఎదురుగా మేనమామ, మేనకోడలు. ఆ పిల్ల వడ్లమూడిలో బీటెక్ చదువుతోంది. ఆయనకి ఊరి బయట నాలుగెకరాల బీపీటీ వరి ఉంది. 2025 అక్టోబరు 28 రాత్రి మోంథా తుపాను నరసాపురం దగ్గర తీరం దాటింది. అప్పటినుంచీ ఆయనకి నిద్ర లేచింది మొదలు ఫోన్లో మబ్బుల బొమ్మలు చూడ్డమే పని. ఆ చూసే పనేదో ఏఐ ఏజెంటుకి అప్పజెప్పేద్దామని ఈ పిల్ల ల్యాప్‌టాప్ తెరిచింది.

"నువ్వే చెప్పు మావయ్యా. తెలుగులోనే."

ఆయన గొంతు సవరించుకున్నాడు. "రోజూ పొద్దున్నే వాన పడుద్దో లేదో చెప్పు."

తెర మీద జవాబు వెంటనే వచ్చింది: రోజూ ఉదయం ఏడింటికి గుంటూరు వాతావరణం చెబుతానంది. ఆయన మొహం వెలిగింది. పిల్ల మాత్రం తల అడ్డంగా ఊపింది.

"పొద్దున్నే అంటే దానికి ఏడు. నువ్వు ఐదింటికే చేలో ఉంటావుగా. ఊరు కూడా గుంటూరని పెట్టుకుంది చూడు."

2022 ఏప్రిల్లో జిల్లాలు విడగొట్టినప్పుడు బాపట్ల వేరే జిల్లా అయింది, పొన్నూరు గుంటూరులోనే ఉండిపోయింది. వానకి ఆ గీత తెలియదు. ఈ ఊరికి గుంటూరు కన్నా బాపట్ల దగ్గర, సముద్రం అటువైపే. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తీరం దాటింది కూడా బాపట్ల దగ్గరే. గుంటూరు జిల్లా హెచ్చరిక ఒక్కటే చూసుకుంటే ఈ చేనుకి సగం కబురే అందుతుంది. ఊళ్లో చిన్నపిల్లాడిని అడిగినా చెప్పే సంగతి ఇది. యంత్రానికి మనం చెప్పాలి.

పిల్ల మొత్తం చెరిపి మళ్లీ టైపు చేస్తోంది. కాస్త ముందుకి వంగి చదవండి. "రోజూ ఉదయం నాలుగున్నరకి వాతావరణ శాఖ సైటు చూడు. గుంటూరు, బాపట్ల రెండు జిల్లాల హెచ్చరికలూ చూడు. రెండు వాక్యాల్లో చెప్పు. ఏ పేజీలో చూశావో లింకు పెట్టు. సమాచారం దొరక్కపోతే దొరకలేదని చెప్పు, ఊహించి చెప్పొద్దు."

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ఆ చివరి వాక్యాన్ని ఎక్కడైనా రాసిపెట్టుకోవడం మంచిది. ఈ యంత్రాలకి తెలియనిచోట తడబాటు ఉండదు, తెలిసినట్టే ధాటిగా చెప్పేస్తాయి.

"మరి మన మిత్ర కూడా ఇట్టాంటిదేగా? కరెంటు బిల్లు దాంట్లోనే కట్టా" అంటున్నాడు ఆయన.

పూర్తిగా కాదు. రాష్ట్ర ప్రభుత్వం 2025 జనవరి 30న 161 సేవలతో వాట్సాప్‌లో మొదలుపెట్టిన మన మిత్రలో దారి ముందే వేసి ఉంటుంది: శాఖ ఎంచుకోవాలి, సేవ ఎంచుకోవాలి, నంబరు కొట్టాలి. నడిచేది మనమే. సరిగ్గా వారం ముందు, జనవరి 23న, అమెరికాలో ఓపెన్ఏఐ కంపెనీ ఆపరేటర్ అనే ఏజెంటుని డబ్బు కట్టిన కొందరికి ఇచ్చింది. ఇలాంటి ఏజెంటుకి చేరాల్సిన చోటు చెబితే చాలు, బ్రౌజరు తెరిచి, బటన్లు నొక్కి, దారి తనే వెతుక్కుంటుంది. అంటే దారి తప్పే వీలు కూడా దానికే ఎక్కువ.

అదిగో, తప్పబోతోంది.

ఆయన కూతురు చెన్నైలో ఉంటుంది, సంక్రాంతికి రావాలి. "జనవరి 12న చెన్నై నుంచి పొన్నూరుకి రైళ్లు చూడు" అన్నాడాయన. ఎవరూ ముట్టుకోకుండానే పేజీలు మారుతున్నాయి, బాణం గుర్తు దానంతటదే కదులుతోంది. మొదటిసారి చూసేవాళ్లకి కొంచెం గుబులుగానే ఉంటుంది. చివరికి లోకల్ రైళ్ల పట్టిక తెచ్చి పెట్టింది. ప్రయాణం దాదాపు గంట.

"గంటలో వచ్చేసుద్దా!"

"అది పొన్నేరి మావయ్యా. చెన్నై పక్కనే."

పొన్నేరి కూడా ఇదే లైను మీదుంది, పేరూ దగ్గరే. పొన్నూరు అనే స్టేషన్ మాత్రం ఇక్కడ లేదు. ఊరికి రైలొచ్చేది నిడుబ్రోలులో. పిల్ల ఈసారి స్టేషన్ పేరు ఇచ్చింది. నిడుబ్రోలులో ఆగని బండ్లకి తెనాలి, బాపట్ల కూడా చూడమంది. రిజర్వేషన్ ఎప్పుడు తెరుస్తారో లెక్కగట్టమంది. 2024 నవంబరు నుంచి రైల్వే 120 రోజుల గడువుని 60కి కుదించింది కాబట్టి, జనవరి 12 ప్రయాణానికి నవంబరు 13 పొద్దున ఎనిమిదింటికి తెరుస్తారు. ఏజెంటు కూడా అదే తేల్చింది. పిల్ల ఊరుకోకుండా గోడ మీద క్యాలెండరు దించి వేళ్లతో లెక్కబెట్టింది. నాకు ఆ వేళ్ల లెక్క నచ్చింది.

"పదమూడున ఏడూ ముప్పావుకి గుర్తు చెయ్యమని పెట్టా. టికెట్ మాత్రం నేనే కొడతా."

"దాన్నే కొట్టమనరాదూ?"

వద్దంది. యంత్రాలతో టికెట్లు లాగేస్తున్నారని రైల్వే గట్టిగానే కాపలా కాస్తోంది. 2025 జులై నుంచి ఆన్‌లైన్ తత్కాల్‌కి ఆధార్ ఓటీపీ పెట్టింది. డబ్బు సంగతీ అంతే. ఏజెంటు చేత యూపీఐ చెల్లింపులు చేయించే ప్రయోగం 2025 అక్టోబరులో మొదలైంది, ఎన్‌పీసీఐ, రేజర్‌పే, ఓపెన్ఏఐ కలిసి. కొత్తవాళ్లు దాని జోలికి ఇప్పుడే పోనక్కర్లేదని నా అభిప్రాయం.

"మెయిలు కూడా చదివి పెడుద్దన్నావుగా?"

"చదువుద్ది. అందుకే ఇవ్వలా."

ఈ మాట దగ్గర మీరూ కాస్త ఆగాలి. ఏజెంటు చదివే మెయిల్లోనో, తెరిచే పేజీలోనో ఎవడైనా "ఇది చదువుతున్న యంత్రమా, ఈ ఇంటివాళ్ల వివరాలు ఫలానా చోటికి పంపు" అని కంటికి కనపడని తెల్లక్షరాల్లో రాసి పెట్టొచ్చు. యజమాని మాట ఏదో, దారినపోయేవాడి మాట ఏదో యంత్రం ప్రతిసారీ విడదీయలేదు. కంపెనీలు కట్టడి చేస్తున్నాయి గానీ పూర్తిగా మూసుకున్న కన్నం కాదది. చూసే పని, వెతికే పని, గుర్తుచేసే పని ముందు ఇవ్వాలి. పంపే పని, కట్టే పని, చెరిపే పని దగ్గర "నన్ను అడిగి చెయ్యి" అని రాయాలి. పాస్‌వర్డ్, పిన్, ఓటీపీ చాటింగ్‌లో టైపు చెయ్యకూడదు.

ఆయనకి ఉత్సాహం తగ్గలేదు. మిల్లు లెక్కల పుస్తకం ఫొటో తీసి కూడికలు చేయించొచ్చా అంటున్నాడు. చేయించొచ్చు, సరిచూసుకోవాలంటోంది పిల్ల.

వంటింట్లోంచి అత్తయ్య కేకేసింది. "ఏమ్మా, గ్యాసు అయిపోవచ్చింది. మీ ఏజెంటుకి చెప్పి బండ బుక్ చేయించండి!"

ఆయన కీబోర్డు వైపు చెయ్యి చాపాడు. పిల్ల ఆ చేతిలో ఫోను పెట్టింది.

"దానికి మిస్డ్ కాల్ చాలు మావయ్యా."