లాల్‌బాగు బండ, బసవనగుడి బసవన్న

బెంగళూరు చూడవచ్చిన తెలుగువారు లాల్‌బాగులోని గాజుమందిరమును చూచి, పూలమళ్లను మెచ్చుకొని, కెంపెగౌడ గోపురమును మోయుచున్న బోడిబండపై కొంతసేపు విశ్రమించి, తాము కూర్చున్నది భారతదేశమున మిక్కిలి ప్రాచీనములైన శిలలలో నొకటియని యెఱుఁగకయే లేచిపోవుదురు. ఆ బండ వయస్సు సుమారు 300 కోట్ల సంవత్సరములు. భూగర్భశాస్త్రజ్ఞులు ‘పెనిన్సులర్ నైస్’ అని పిలుచు నీ శిలను భారత భూవైజ్ఞానిక సర్వేక్షణ సంస్థ జాతీయ భూవైజ్ఞానిక స్మారకముగా ప్రకటించినది. భూమి లోపలి తాపమునకును ఒత్తిడికిని లోనై క్వార్ట్జు, ఫెల్డ్‌స్పార్, నల్లని అభ్రకము వేర్వేరు పొరలుగా సర్దుకొనుటచేతనే దానిపై తెలుపు నలుపు చారలు తీరినవి. ఇందలి క్వార్ట్జు కాఠిన్యము మోస్ మానమున 7. చాకుమొన దానిని గీయలేదు.

ఇంతటి కఠినశిలను పూర్వులు నిప్పుతో చీల్చిరనుట చిత్రము. సమతలముగానున్న బండపై కట్టెలను సన్నని వరుసగా పేర్చి మంటపెట్టి, సుత్తిదెబ్బకు మ్రోత మాఱి, పైపొర క్రిందిబండను విడిచినదని తెలియగానే ఆ మంటను మెల్లమెల్లగా ముందునకు జరుపుచు, విశాలములైన పలకలను ఊడదీయు బెంగళూరు పనివారి నేర్పును 1895లో ‘నేచర్’ పత్రిక లోకమునకు వెల్లడించినది. వేడెక్కిన పైభాగము వ్యాకోచించును, చల్లని లోభాగము కదలదు; ఆ రెండింటి పెనఁగులాటయే యిందలి రహస్యము. ఈ సీమలో రాతిపని తరతరములుగా వడ్డెరల వృత్తి. కన్నడదేశమున బోవులనఁబడు వీరిలో ననేకుల యింటిభాష తెలుఁగే. ఇంటి గడపలు, పొలము కంచెల కూసములు, బావిగట్లు మొదలుకొని 1956లో పూర్తియైన విధానసౌధ వఱకు ఈ నగరమున రాతిపని చేరని చోటు అరుదు. సౌధమును కొనియాడు వారిలో ఉలిపట్టిన చేతులను తలఁచువారు మాత్రము కొందఱే.

ఇఁక భక్తుల దృష్టిలో నీ రాయి వేఱు. బసవనగుడిలో ఏకశిలగా మలచిన నంది ఎత్తు సుమారు 15 అడుగులు, పొడవు 20 అడుగులు. గుడి కట్టించినవాఁడు నగరనిర్మాత కెంపెగౌడ యని ప్రతీతి. ఆయన పేర ‘గంగాగౌరీవిలాస’మను తెలుఁగు యక్షగానమొకటి కలదు. పొలములోని వేరుసెనగను మేయుచున్న వృషభమును రైతు కఱ్ఱతో కొట్టఁగా అది శిలయై నిలిచినదనియు, అంతటితో నాగక పెరుగుచుండఁగా నెత్తిన త్రిశూలము నాటి పెరుగుదలను నిలిపిరనియు స్థలపురాణము. వేరుసెనగ దక్షిణ అమెరికా పంట. సముద్రములు దాటి మన నేలకు వచ్చినది పోర్చుగీసువారి రాక తరువాతనే. కనుక కథ పుట్టుక అంతకు ముందటిది కానేరదు. అయినను కార్తీకమాసపు చివరి సోమవారము జరుగు కడలెకాయి పరిషె యను వేరుసెనగ జాతరలో రైతులు తొలిపంటను బసవన్నకే అర్పించుచున్నారు. నూనె పూతలచే ఆ బూడిదరంగు రాయి నల్లనై నిగనిగలాడుచున్నది. ఇదే నగరమున బండను తొలిచి మలచిన గవి గంగాధరేశ్వరాలయమున మకరసంక్రాంతినాఁడు అస్తమయసూర్యుని కిరణములు నంది కొమ్ముల నడుమనుండి లింగమును తాఁకుటయు భక్తులకు రాతిలోని మఱియొక వింతయే. ఆ శిల్పికి సూర్యగమనము క్షుణ్ణముగా తెలిసియుండవలెను.

నా దృష్టిలో బసవన్నకు దక్కు గౌరవములో సగమైనను లాల్‌బాగు బండకు దక్కవలసియున్నది. పిల్లలతో అచ్చటికి పోవు పాఠకులు గోపురముకంటె ముందు ఆ చారలను వారికి వ్రేలితో చూపి, బండ వయస్సు చెప్పవలెనని మనవి.