మాంట్రియల్ మెట్లు బయటే ఎందుకున్నాయి?

మంచు అంత పడే ఊళ్లో మెట్లు ఇంటి బయట పెట్టారేంటని కెనడాకు కొత్తగా వచ్చిన మనోళ్లు అడుగుతుంటారు. సైట్ పని చేసేవాడిగా నాకు తెలిసిన జవాబు ఇది.

అవి ట్రిప్లెక్సులు. మూడు అంతస్తులు, మూడు కుటుంబాలు. ఎక్కువగా 1880ల నుంచి 1930 దాకా కట్టారు. ఫ్యాక్టరీల్లో, రైల్వే షాపుల్లో పని కోసం జనం తరలివచ్చారు. 1901లో 2 లక్షల 67 వేలున్న జనాభా 1931కి 8 లక్షలు దాటింది.

ప్లాటు వెడల్పు సుమారు 25 అడుగులే. పక్క గోడ పొరుగింటితో ఉమ్మడి. చాలా ఇళ్లకు ముందు కనిపించే ఇటుక పైతొడుగే, వెనక మూడంగుళాల మందం చెక్కలుంటాయి.

చాలా వీధుల్లో ఇంటి ముందు జాగా వదలాలని రూలు. మెట్లను ఆ జాగాలోకి నెట్టారు. దాంతో లోపల చోటు మిగిలింది, ఉమ్మడి వరండాకు హీటింగ్ ఖర్చు తప్పింది, ప్రతి ఇంటికీ సొంత వీధి తలుపు వచ్చింది. చోటు తక్కువ కాబట్టి మెట్లు వంపు తిరిగాయి. 1940లలో సిటీ కొత్తగా ఇలా కట్టొద్దంది. ఇప్పుడవే ఊరికి గుర్తు.

చాలాచోట్ల ఓనరు కింద ఉండి, పై అద్దెలతో అప్పు తీర్చేవాడు. కూలోడికి కూడా అందే లెక్క అది. ఇప్పుడు రిపేరు పేరుతో పాత అద్దెవాళ్లను పంపించే గొడవలు పెరిగాయి. తమ్ముళ్లూ, క్యూబెక్‌లో లీజు ఉంటే ఇంట్లో ఉండే హక్కు మీకుంది. ఖాళీ చేయమని కాగితం ఇస్తే వెంటనే సంతకం పెట్టకండి, ముందు హౌసింగ్ ట్రిబ్యునల్‌లో అడగండి.